మానుకోట గోదాము బడి

ఇంటర్ పూర్తయి టీచర్ ట్రైనింగ్ సీటు కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఎనభై దాటిన కొత్తలో. మాది దంతాలపల్లి దగ్గర పల్లె. ఖాళీగా ఇంట్లో ఉంటే పెళ్లి మాటలు మొదలవుతాయన్న భయంతో మహబూబాబాద్‌లోని మేనత్త ఇంటికి చేరాను. ఆ ఊరిని మా వైపు అందరూ మానుకోట అనే అంటారు.

అత్తమ్మ ఇంటికి కొంచెం దూరంలో, రైలు గేటు దాటాక ఒక పాత బియ్యం గోదాము ఉండేది. అందులో ఒక గదిలో, మామూలు బడులు చేర్చుకోని పిల్లలకు చదువు చెబుతారని విన్నాను. మాట రానివాళ్లు, నడవలేనివాళ్లు, ఈడుకు తగ్గ తెలివి లేదని ఇంట్లో కూర్చోబెట్టినవాళ్లు. ఆ బడి నడిపే ఆవిడది జనగామ. అందరూ పెద్దక్క అని పిలిచేవాళ్లు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి ఆమె చదువు ఆగిపోయిందట. ఆ ఖాళీలో ఇంట్లో ఉండి, అందరూ ఆశ వదులుకున్న తన తమ్ముడికి తన చేత్తో తాను అన్నం తినడం నేర్పిందట. తర్వాత హైదరాబాద్ వెళ్లి, అలాంటి పిల్లలకు చెప్పడమెలాగో నేర్చుకుని వచ్చింది.

"ఏం పని వస్తది నీకు?" అని అడిగింది నన్ను, మొదటి రోజు.

"టీచర్ గావాలనుకుంటున్న అక్కా. పాటలు పాడత. బొమ్మలు గీస్త."

"ముక్కు తుడుసుడు వస్తదా?"

నవ్వొచ్చింది. వస్తుందన్నాను.

"అయితే రేపటి సంది రా."

మొదటి వారం పాటలూ లేవు, బొమ్మలూ లేవు. ముక్కులు తుడవడం, గుండీలు పెట్టడం, చెంబుతో నీళ్లు తాగించడం. మిగిలిన పొద్దంతా పెద్దక్క ఏం చేస్తోందో చూడటం. ఆమె ఎవరినీ తొందరపెట్టేది కాదు. ఒక పిల్లవాడు చెప్పు తొడుక్కోవడానికి పొద్దంతా పట్టినా, పక్కన కూర్చుని తనకు వేరే పనే లేనట్టు చూసేది.

సంతకు వచ్చినప్పుడు బాపు అత్తమ్మ ఇంటికి వచ్చాడు. సైకిలు గోడకు ఆనిస్తూనే మొదలుపెట్టాడు.

"ఊర్లె నలుగురు అడుగుతుండ్రు బిడ్డా. పటేలు బిడ్డ పిచ్చి పిల్లల కాడ ఏం జేస్తుందని."

"పిచ్చోళ్లు గాదు బాపూ. ఒక్కపారి వచ్చి సూడు, నీకే తెలుస్తది."

రాలేదు. కానీ ఆ తర్వాతి సంతకు ఒక సంచినిండా జామకాయలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "మెత్తటియి ఏరి తెచ్చిన. పండ్లు లేనోళ్లు గూడ తింటరు" అని, నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ బడికి ఒక లంబాడీ తాండా నుంచి ఓ తల్లి తన కూతుర్ని తెచ్చేది. పిల్లకు ఎనిమిదేళ్లుంటాయి. మాట్లాడేది కాదు, ఎవరి మొహంలోకీ చూసేది కాదు. పిలిస్తే తిరిగేది కాదు, చెవులు మాత్రం బాగా వినిపించేవి. రైలు కూత వినిపిస్తే అందరికంటే ముందు చెవులు మూసుకునేది. తల్లి కనిపించకపోతే గొంతు పోయేలా అరిచేది. అందుకని తల్లి పొద్దంతా గదిలోనే గోడకు ఆనుకుని కూర్చునేది. నాట్లకు పోతేగానీ ఇల్లు గడవని మనిషి ఆమె.

పెద్దక్క నాతో చెప్పింది: "నువ్వు ఈ పిల్లకు అ, ఆ నేర్పకు. వాళ్లమ్మ పనికి పొయ్యేటట్టు జెయ్యి. గదే నీ పని."

అప్పటికి అది చదువు చెప్పడం కిందికి వస్తుందని నాకు తెలియదు.

తల్లిని మొదట గది మధ్య నుంచి గుమ్మం దగ్గరికి జరిపాం. తర్వాత అరుగు మీదికి. ఆమె అరుగు దిగి గోడ చాటుకు వెళ్లిన రోజు పిల్ల నా చెయ్యి కొరికింది. పళ్ల గుర్తులు నీలంగా తేలాయి. తల్లి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి తన కొంగుతో తుడుస్తూ ఏడ్చింది.

"తప్పయింది పటేలమ్మా. నేనిగ తోల్కరాను."

"గట్ల అనకు అక్కా. నువ్వు గనపడకపాయె, భయమైంది దానికి. ఏం గాదు."

నేను అక్కా అన్నందుకు ఆమె ఒక్క క్షణం ఆగి నన్ను చూసింది. కూతురిలా కాదు, ఆమె కళ్లల్లోకి సూటిగా చూసే మనిషి. మర్నాడు ఆమే ఒక ఉపాయంతో వచ్చింది. తలమీద వేసుకునే అద్దాల గుడ్డ, వాళ్లు టుక్రి అంటారు, దాన్ని తీసి పిల్ల ఒళ్లో పెట్టింది.

"పండుకునేటప్పుడు గిదే మొకం మీదికి గుంజుకుంటది" అంది. "నా వాసన ఉంటది గదా."

"మరి నీ తల మీదికి?"

"మా తాండల పెద్దోళ్ల ముంగట ఉత్త తలతోని తిరగొద్దు. సూత్తాం తియ్యి."

నేను ఇంటికి పరుగెత్తి అత్తమ్మ పాత నూలు చీరొకటి అడిగాను. ఎందుకో చెప్పగానే ఆమె "నా చీర లంబాడామె తల మీదికా?" అంది. అంటూనే పెట్టె తెరిచింది. వెలిసిపోయినవన్నీ పక్కకు తోసి, ఎర్రంచు చీర తీసి ఇచ్చింది. "ఇచ్చినంక మంచిదియ్యాలె" అని గొణిగింది.

ఆ రోజు తల్లి ఎర్రంచు చీరలో ఒక ముక్క చింపి తలకు కప్పుకుని నాట్లకు వెళ్లింది. పిల్ల అరవడానికి నోరు తెరిచి, టుక్రిని మొహానికి అదుముకుని, మెల్లగా ఆగిపోయింది. పెద్దక్క దూరం నుంచే నన్ను చూసి తల ఊపింది.

గది తలుపు తూర్పు వైపు. పొద్దుటి ఎండ లోపలికి వస్తుంది. కొన్నాళ్లకు పిల్ల ఆ ఎండలో కూర్చుని గుడ్డను అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టింది. అద్దాల మీద పడిన వెలుగు ఎదుటి గోడ మీద చుక్కలు చుక్కలుగా పారాడేది. అదే ఆమె ఆట.

అదే గదిలో ఏడేళ్ల అబ్బాయి ఒకడు ఉండేవాడు. మెడ నిలిచేది కాదు, చేతులు బిగుసుకుపోయి ఉండేవి. కూరగాయలమ్మే తాత వాణ్ని సైకిలు మీద తువ్వాలతో తన వీపుకు కట్టుకుని తెచ్చేవాడు. పెద్దక్క బొంతను చుట్టగా చుట్టి, దానిమీద వాణ్ని బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా గిలక్కాయ ఆడించేది. తల ఎత్తితే మెడకు బలం వస్తుందని. వాడు రవ్వంత ఎత్తి, వెంటనే వాల్చేసేవాడు.

ఒకరోజు గోడ మీది చుక్కలు పాకుతూ వాడి ముందు నుంచి వెళ్లాయి. వాడు తల ఎత్తాడు. చుక్కలు పైకి వెళ్లాయి. వాడి తల ఇంకా పైకి లేచింది. వాడి గొంతులోంచి ఒక నవ్వు వచ్చింది, మేమెవరమూ అంతకుముందు వినని నవ్వు. పిల్ల చేతులు ఆగిపోయాయి. వాడి వైపు తిరగలేదు గానీ, చెవి అటే ఉంది. మళ్లీ గుడ్డ కదిపింది. మళ్లీ నవ్వు. మళ్లీ కదిపింది.

"మాట్లాడకు" అంది పెద్దక్క నా చెవిలో. "ఇద్దర్ని గట్లనే ఉండనియ్యి."

అప్పటి నుంచి బొంత చుట్ట గోడకు ఎదురుగా వేసేవాళ్లం. ఎండ ఉన్నంతసేపూ వాళ్లిద్దరి పని అదే. చలికాలం వచ్చేసరికి వాడి మెడ నిలబడటం మొదలైంది. ఒక సాయంత్రం తాత వచ్చి వాణ్ని ఎత్తుకోబోతే, వాడు తల ఎత్తి ముసలాయన మొహంలోకి చూశాడు. తాత అలాగే వంగి ఉండిపోయాడు.

"నన్నే సూత్తుండు" అన్నాడు మెల్లగా. "గిన్నొద్దుల సంది ఈపుకు కట్టుకోని తిరిగిన. నా మొకం ఎట్లుంటదో వీనికి ఇయ్యాల్నే ఎర్కైంది."

పెద్దక్క కళ్లు తుడుచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత తుఫానొచ్చి ముసురు పట్టింది. వరసగా కొన్ని రోజులు ఎండ లేదు. పిల్ల గుడ్డ తిప్పింది, గోడ మీద ఏమీ పడలేదు. ఇంకా గట్టిగా తిప్పింది. అరుస్తుందేమోనని నేను దగ్గరికి జరిగాను. బొంత మీద వాడు తల వాల్చుకుని, మూలుగుతూ ఉన్నాడు. పిల్ల చాలాసేపు గోడను చూసింది. తర్వాత లేచి వెళ్లి, వాడి ఎదురుగా నేల మీద బోర్లా పడుకుంది. తన మొహాన్ని వాడి మొహం ముందు పెట్టింది. వాడు తల ఎత్తాడు. ఎవరి కళ్లల్లోకీ చూడని ఆ పిల్ల వాడి కళ్లల్లోకి చూస్తూ అలాగే ఉండిపోయింది. వాడు నవ్వాడు. పిల్ల నవ్వలేదు. కానీ వాడి చెంప మీద కారుతున్న చొంగను తన అరచేత్తో తుడిచింది, నేను రోజూ తుడిచినట్టే.

ఆ సాయంత్రం తల్లికి ఇది చెబితే నమ్మలేదు. మర్నాడు పనికి పోకుండా, తలుపు చాటున నిలబడి చూసింది. చూసి, నా రెండు చేతులూ పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది.

ఎండాకాలం చివర నాకు ట్రైనింగ్ సీటు వచ్చింది. వెళ్లేముందు రోజు పెద్దక్కను అడిగాను, ఈ పిల్ల ఎప్పటికైనా మాట్లాడుతుందా అని.

"ఎర్కలేదు" అంది. "నీకు చెప్పేటోళ్లు మస్తుమంది ఉంటరు. ఎర్కలేనిదాన్ని ఎర్కలేదనుడు నేర్చుకో. అక్కడ నేర్పరు."

శిక్షణ అయ్యాక నాకు మొదటి ఉద్యోగం మహదేవపూర్ వైపు, గోదావరి ఒడ్డు పల్లెలో వచ్చింది. తర్వాత జనగామకు మారాను. పెద్దక్క ఆరోగ్యం పాడై గోదాము బడి మూతపడిందని, పిల్లల్లో కొందరిని వరంగల్ పంపారని తెలిసింది. మెడ నిలిచిన అబ్బాయి అక్కడ చక్రాల కుర్చీలో తిరుగుతూ లెక్కలు చేస్తున్నాడని తాత ద్వారా విన్నాను. తాండా పిల్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

ఎనభైల చివర్లో ఒకసారి అత్తమ్మను చూసి తిరిగి వస్తూ మానుకోట స్టేషన్‌లో నిలబడ్డాను. బండి వచ్చే వేళయింది. "పటేలమ్మా!" అని ఎవరో పిలిచారు. ఆ తల్లే, బెంచీ మీద కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. పక్కన పొడుగ్గా ఎదిగిన కూతురు, చంకలో ఒక పసిబిడ్డ.

"దానిదేనా?" అన్నాను గాభరాగా.

తల్లి నవ్వింది. "నా కొడుకు బిడ్డ. దీని సంకల ఉంటెనే నిద్రపోతది. తల్లికాడ గూడ పోదు. రొట్టెలు జేస్తది, మేకల కాస్తది. మాట రాలే. ఏం జేస్తం, మాకు దీనిది అంత సమజైతది."

ఆ అమ్మాయి నన్ను చూడలేదు. బండి కూత వినిపించగానే పసిబిడ్డ చెవుల మీద తన అరచెయ్యి పెట్టింది. బండి ఆగింది. నేను ఎక్కడానికి కదిలాను. అప్పుడు ఆ అమ్మాయి వెనక నుంచి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా ఏం కాదు. బెంచీ మీద తన పక్కన కొంచెం జాగా చేసి, నన్ను అక్కడికి లాగింది.

"బండి పోతది టీచరమ్మకు, ఇడువు" అంది తల్లి.

"పోనీ అక్కా" అన్నాను. "సాయంత్రం ప్యాసింజర్ ఉంది గదా."

కూర్చున్నాను. ఆ అమ్మాయి పసిబిడ్డను నా ఒళ్లో పెట్టింది.