పాప ఒళ్ళో ఉంటే ఆసు

పోయిన చలికాలం మా మావయ్యగారికి ఒక నమ్మకం పట్టుకుంది. ఏడు నెలల మా పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పేకాడితే చేతిలో ఆసు పడుతుందని. దాంతో ఆదివారం మధ్యాహ్నం గుడివాడలో మా వసారాలో ఆయనా, ఇరుగుపొరుగు ముగ్గురూ చాప పరిచారంటే, పాప కూడా ఆటలో ఉండాల్సిందే.

నాకేమో ప్రాణం కొట్టుకునేది. నలుగురి నోళ్ళలోనూ చుట్టలే. పాపకు అప్పటికే దగ్గు. కానీ చుట్ట ఆర్పమని మావయ్యగారితో కోడలు చెప్పడమా?

బందరులో చదివిన బి.ఏ. లెక్కలు గుర్తొచ్చాయి. ఇందులో పాప మహిమేమీ లేదని తేలిస్తే పాపను నాకు ఇచ్చేస్తారనుకున్నాను. పప్పు ఉడికేలోపు వంటింటి నేలమీద బొగ్గుముక్కతో మొదలుపెట్టాను. యాభై రెండు ముక్కల్లోంచి ఒకరి చేతికి పదమూడు ఎన్ని రకాలుగా రావచ్చు? నాలుగు ఆసులూ తీసేసి, మిగిలిన నలభై ఎనిమిదిలోంచి ఎన్ని రకాలుగా రావచ్చు? రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఆసు రాని అవకాశం. కాంబినేషన్లలో సుఖం ఏమిటంటే, భయపెట్టే సంఖ్యలన్నీ పైనా కిందా కొట్టేసుకుపోతాయి. పదింట మూడు తేలింది.

"మావయ్యగారూ, పాప ఉన్నా లేకపోయినా పదిసార్లలో ఏడుసార్లు మీకు ఒక్క ఆసైనా వస్తుందండీ," అన్నాను వసారాలోకి వెళ్ళి.

ఎదురింటి బాబాయిగారు ముక్కలు పంచడం ఆపారు. "మరి నాకో?"

"మీకూ అంతేనండీ."

"విన్నావా బావా! ఇన్నాళ్ళూ మనవరాలి పేరు చెప్పి మమ్మల్ని హడలగొట్టావు!"

మావయ్యగారు తొణకలేదు. "ఉన్నా లేకపోయినా ఒకటేనంటావు. అంతేగా అమ్మాయ్?"

"అంతేనండీ."

"అయితే ఉండనీ. నష్టమేం లేదుగా!"

నలుగురూ పగలబడి నవ్వారు. లెక్క సరిపోయింది, ఎత్తు పారలేదు. అంతలో పాప దగ్గింది. ఇక ఆగలేక, "పొగండీ మావయ్యగారూ, దాని దగ్గు ఆ పొగకేనండీ," అనేశాను.

మావయ్యగారు నోట్లో చుట్ట తీసి పెరట్లోకి విసిరేసి, మిగతా ముగ్గురివంకా చూశారు. బాబాయిగారు అప్పుడే వెలిగించుకున్న చుట్టను ఒకసారి దిగులుగా చూసుకుని ఆర్పేశారు.

"ఈ మాట చెప్పడానికి ఇంత లెక్క ఎందుకమ్మా?" అన్నారు మావయ్యగారు.

ఆట మళ్ళీ సాగింది. పాపను మాత్రం ఆయన దించలేదు. గాలి తేటపడ్డాక పాప హుషారుగా వంగి, ఆయన చేతిలోంచి ఒక ముక్క లాగి నోట్లో పెట్టుకుంది. అది ఎన్ని చేతులు మారిన ముక్కో అని నాకు మళ్ళీ బెంగ మొదలైంది.