యారాలితో ఒకే పడవలో

మొన్న ఆదివారం నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కబోతుంటే, మా ముందున్న ఇద్దరు నడివయసు ఆడవాళ్లు లైఫ్ జాకెట్ల పట్టీలు ఒకరికొకరు బిగించుకుంటూ పడీపడీ నవ్వుకోవడం చూశాను. వాళ్లెవరో, ఒకరికొకరు ఏమవుతారో నాకు తెలియదు. కానీ ఆ నారింజ రంగు చూడగానే పక్కనున్న మనవరాలిని కూడా మరిచిపోయి, కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజుల్లో మేం నలుగురం అండమాన్ పోయివచ్చిన ఆ చలికాలంలోకి వెళ్లిపోయాను.

నలుగురమంటే మా ఆయన, నేను, మా బావగారు, ఆయన భార్య. తోడికోడలిని మా వైపు యారాలు అంటాం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో జొన్నరొట్టె కొట్టడం నేర్పింది ఆ యారాలే. అటువంటి మనిషితో నాకు ఏళ్ల తరబడి మాటల్లేవు. మా అత్త చివరి రోజుల్లో వైద్యం కోసమని నల్లగొండలో మా ఇంట్లోనే ఉండేది. ఒక వానకాలం పొద్దున దవాఖానకు తీసుకుపోయేలోగానే పోయింది. జడ్చర్ల దగ్గరి పల్లె నుంచి యారాలు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె నా ముఖంలోకి చూసి, "పానముండంగ ఒక్కసారి పిలువాలనిపియ్యలేదా నీకు?" అన్నది. అదే ఆఖరి మాట. ఆ తరువాత పెళ్లిళ్లలో, పండుగల్లో నేను వడ్డిస్తే ఆమె తినేది, ఆమె వడ్డిస్తే నేను తినేదాన్ని, చెప్పక తప్పనిదేమైనా ఉంటే గోడతో అన్నట్టు అనేది. నా దగ్గర జవాబు లేక కాదు, ఉన్న జవాబు పోయిన మనిషి మీదికి నెట్టినట్టు ఉంటుందని ఊరుకున్నాను.

అన్నదమ్ములకు మాత్రం ఏ పొరపొచ్చమూ లేదు. మా ఆయన ఉద్యోగంలోంచి దిగిపోయే ముందు ఇద్దరూ కూడబలుక్కుని ఈ ప్రయాణం పెట్టారు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఓడలో ఇంకో చిన్న ద్వీపానికి పోయాం. కొబ్బరిచెట్ల నీడలో గడ్డి కప్పిన గదులు, చెట్టుకూ చెట్టుకూ మధ్య కట్టిన వల ఊయలలు, ఫోను మోగని పగళ్లు. ఎవరికీ ఏ తొందరా లేని ఊరు అది. పడుచువాళ్లు మాత్రం రబ్బరు పడవల మీద ఎగిరిపడుతూ, ముఖాలకు అద్దాలు తగిలించుకుని నీళ్లలో చేపలను చూస్తూ కేరింతలు కొట్టేవారు. బోరు ఎండిపోతే బావి, బావి ఎండిపోతే మబ్బు చూసుకుని సేద్యం చేసిన మా బావగారు ఒడ్డున నిలబడి చాలాసేపు చూసి, "గిన్ని నీళ్లుండి ఒక్క మడి పారదు" అని నిట్టూర్చాడు.

మూడోనాడు తెడ్లతో నడుపుకునే సన్నటి పడవల దగ్గరికి పోయాం. కయాక్ అంటారట, పడవకు ఇద్దరే. అన్నదమ్ములు మా వైపు చూడనైనా చూడకుండా ఒకదాంట్లో కూర్చుని వెళ్లిపోయారు. అది కావాలని చేసిన పనే అని నాకిప్పటికీ నమ్మకం. మీరు అక్కచెల్లెళ్లా అని పడవలాయన హిందీలో అడిగాడు. ఇద్దరం బదులు చెప్పకపోయేసరికి అవుననుకుని, జాకెట్లు తొడిగి, యారాలిని ముందర, నన్ను వెనక కూర్చోబెట్టి నీళ్లలోకి తోశాడు.

పడవ ముందుకు పోలేదు. పట్టుచీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎగజెక్కుకుని ఆమె తన ఇష్టం వచ్చినట్టు తెడ్డు వేస్తే, నేను నాకు తోచినట్టు వేశాను. పడవ ఉన్నచోటే గింగిరాలు కొట్టింది. ఒడ్డు మీదివాళ్లు నవ్వసాగారు. చివరికి ఆమె వెనక్కి తిరగకుండానే, "ఇద్దరం ఒక్కదిక్కే ఏస్తే గిట్లనే తిరుగుతది. నువ్వు ఎడమదిక్కు ఎయ్" అన్నది. గోడతో కాదు, నాతోనే అన్నది. నేను ఎడమవైపు వేశాను. పడవ కదిలింది.

మెల్లగా మడచెట్ల మధ్యకు పోయాం. నీళ్ల అడుగున ఇసుక కూడా కనిపిస్తున్నది. నాకు ఆమె ముఖం కనిపించడం లేదు, తెల్లబడిన కొప్పూ వీపూ మాత్రమే. బహుశా అందుకే ధైర్యం వచ్చింది.

"అక్కా, నేను పిలుస్తనంటే అత్తనే వద్దన్నది. నాట్లు పడుతున్నయి, కూలోళ్లు దొరకక దొరికిన్రు, దాన్ని ఇప్పుడు పిలువకు, నాట్లయినంక నేనే పోతనన్నది."

తెడ్డు ఆగింది. దాని కొసనుంచి నీళ్లు చుక్కలుగా రాలుతున్నాయి. ఆమె భుజాలు కదిలితే ఏడుస్తున్నదనుకున్నాను. ఏడుపే, కానీ అందులో నవ్వు కూడా ఉన్నది.

"గట్లనే అంటది. నాట్లప్పుడైతే మన అత్త తన పెండ్లికి గూడ పోకపోతుండె."

తెడ్డు మళ్లీ నీళ్లలో వేస్తూ, "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదే చెల్లె?" అన్నది.

"నమ్మవనుకున్న."

"నిజమే. అప్పుడైతే నమ్మకపోతుంటి."

ఆ సాయంత్రం మోకాటిలోతు నీళ్లలో చీరలతోనే కూర్చుని, చీకటి పడేదాకా అత్తను తలుచుకున్నాం. ఆమె తిట్లు, ఆమె చేతి చింతతొక్కు, కోడళ్లు అలసిపోతే చూడనట్టే చూసి పెందలాడే పడుకోమనడం. మా ఆయన చాయ్ తెచ్చి, మాటల్లో పడ్డ మమ్మల్ని చూసి, కప్పులు ఒడ్డునే పెట్టి మెల్లగా వెళ్లిపోయాడు.

ఆ తరువాత యారాలు బతికిన ఏళ్లన్నీ మాకు మాటలతోనే గడిచాయి. ఆమె పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నన్ను చెల్లె అని పిలిచే గొంతు ఇప్పుడు లేదు.

నా కోడళ్లిద్దరూ మంచివాళ్లు. ఏడాదికోసారి ఏదో ఒక సముద్రతీరానికి పోయివస్తారు, ఎవరి కుటుంబంతో వారు. కలిసినప్పుడు నవ్వుతూ పలకరించుకుంటారు, ఫొటోలు దిగుతారు, చీరలు బాగున్నాయని మెచ్చుకుంటారు. వాళ్ల మధ్య ఇప్పటిదాకా ఒక్క మాట పట్టింపు లేదు. చూసినవాళ్లు నాదెంత అదృష్టమో అంటారు, నేనూ కాదనను. కానీ ఒకరి మీద ఒకరు అన్నేళ్లు అలిగి ఉండగలిగేంత దగ్గరితనం వాళ్లకెప్పుడైనా దొరుకుతుందా అని, అప్పుడప్పుడు వాళ్లను చూస్తూ అనుకుంటాను.