గాజు గ్లాసులో గోదారి

ఈ సాయంత్రం కొత్తపేట దగ్గర ఏటి రేవులో నిలబడి, నా పాత ఫోనుతో సూర్యాస్తమయం ఫోటో తీశాను. ఆకాశం ఎర్రగా ఉంది, గోదారీ ఎర్రగా ఉంది. మన గ్రూపులో పెట్టగానే అందరూ "ఏం రంగురా!" అన్నారు. నాకు మాత్రం మా నాయనమ్మ గాజు గ్లాసు గుర్తొచ్చింది.

ఏటి నడుమ మన లంకలో పెరిగిన వాళ్ళకి గుర్తుందా? ఆషాఢంలో పొద్దుగూకే వేళ మా నాయనమ్మ గాజు గ్లాసు పట్టుకుని రేవులోకి దిగేది. "ఏట్లో చూస్తే పొద్దు ఎరుపో, వరద ఎరుపో తెలీదమ్మా. గ్లాసులో ముంచి చూడాలి," అనేది. నీళ్ళు ఎర్రగా కనబడితే గబగబా ఇంటికి నడిచేది. ఆవకాయ జాడీ అటకెక్కేది. నాన్న ఆవుని విప్పి మెరక మీదికి తోలేవారు. అటక చెక్క మీద జాడీ ఈడ్చిన ఆ గరగర ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

ఇందాక నా నీళ్ళ సీసా ఖాళీ చేసి ఏట్లో ముంచాను. పొద్దు పూర్తిగా దిగేదాకా చేత్తో పట్టుకుని చూశాను. సీసాలో నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

లైకులు తర్వాత కొడుదురు గాని, ఇప్పుడు లంకలో ఎవరున్నార్రా? ముందు ఆవుల్ని విప్పండి.