పదిహేడు వెర్షన్ల ఏడుపు

ఫిల్మ్‌నగర్‌లో కథాచర్చలంటే నలుగురు సోఫాల్లో కూర్చుని, రాసినవాడి ముఖం చూడకుండా "ఏదో మిస్సవుతోంది" అనడం. ఏది మిస్సవుతోందో చెప్పడం ఇక్కడ అలవాటు లేదు. చెప్పింది రేపు తేలిపోతే మన మీదకొస్తుంది మరి! "ఫీల్ రాలేదు సార్" అనేస్తే ఎవరికీ ఏమీ పోదు, టీ ఇంకో రౌండు వస్తుంది. పాతికేళ్లుగా నేను ఆ మాట పడుతూనే ఉన్నాను. నా దగ్గర రాసేవాళ్లను అంటూనే ఉన్నాను కూడా.

ఈ మధ్య మా దర్శకుడు సిట్టింగుకి ఏఐని తెచ్చాడు. ల్యాప్‌టాప్‌ను టీపాయ్ మీద పెట్టి, కొత్త అల్లుణ్ని తెచ్చినట్టు మురిసిపోయాడు. సీను ఇదీ: తల్లికి షేక్‌పేటలో ఇస్త్రీ బండి, కూతురు చెప్పకుండా పెళ్లి చేసుకుని వచ్చి నిలబడుతుంది. "ఇది గనక ఈ సీను రాసేస్తే, మనకి అసిస్టెంట్ రైటర్ ఎందుకు సార్?" అన్నాడు, ఆ అసిస్టెంట్ రైటర్ ఎదురుగానే. ఆవిడదీ షేక్‌పేటే. టీచరుద్యోగం మానేసి రెండేళ్లుగా నా దగ్గర రాస్తోంది. పైగా ఏఐకి చెప్పేవన్నీ ఆవిడ చేతే టైపు చేయించాడు, మహానుభావుడు.

ఏఐ రాసిచ్చింది. తల్లి గుండె పగిలింది, ఒక పేజీ ఏడ్చింది. "ఫీల్ రాలేదు, ఇంకా ఎమోషన్ కావాలని కొట్టండి" అన్నాడు దర్శకుడు. ఏడుపు రెండు పేజీలైంది. "కొత్తగా కావాలి" అన్నాడు. తల్లి వానలో ఏడ్చింది. "నేటివిటీ కావాలి" అన్నాడు. బోనం నెత్తిన పెట్టుకుని ఏడ్చింది! మధ్యాహ్నానికి పదిహేడు వెర్షన్లు. పాపం, దాని తప్పేముంది? మా జబ్బు దానికి అంటించి, అది దగ్గుతోందని నవ్వుకున్నాం.

నాకు ఒళ్లు మండింది. "నేను చెబుతాను, కొట్టండి" అని ఆవిడకు చెప్పడం మొదలుపెట్టాను. "మొదటి రెండు లైన్లు బాగున్నాయి, ఉంచు. మిగతాదంతా తీసెయ్. ఈమె అరిచే మనిషి కాదు, సాయంత్రానికి జనం బట్టలు ఇవ్వాలి. కూతురు చెబుతుంటే చెయ్యి ఆపదు, అయిపోయిన చొక్కానే మళ్లీ ఇస్త్రీ చేస్తుంది. కన్నీళ్లు వద్దు. పెళ్లికొడుకెవరని అడగదు. అడిగితే తన పనికి సంబంధించిందే ఒక్కటి అడగాలి. షేక్‌పేట మాటలో అడగాలి."

ఏడు లైన్లు వచ్చాయి. చివర్లో తల్లి చొక్కా మీద నుంచి కళ్లెత్తకుండా అడిగింది: "పెండ్లి చీర ఎవరు ఇస్త్రీ చేసిండ్రే?"

 దర్శకుడు చప్పట్లు కొట్టాడు. నాకు కాదు, ల్యాప్‌టాప్‌కి. నన్ను పక్కకు పిలిచి, "సోమవారం నుంచి ఆవిణ్ని రావద్దని మీరే చెప్పండి సార్, నాకు మొహమాటం" అన్నాడు. రెండేళ్లు ఆవిడ సీన్లు చదవకుండానే పెదవి విరిచిన మనిషికి మొహమాటమట!

పక్కకు పిలిచినా గొంతు తగ్గించలేదు కాబట్టి ఆవిడకు అంతా వినిపించింది. నోట్‌బుక్ సంచిలో పెట్టుకుని మెట్ల దగ్గర నా కోసం ఆగింది.

"రెండేండ్ల సంది అడుగుతున్న సార్, తప్పు యాడుందో జర చెప్పుండ్రి అని. ఫీల్ లేదమ్మా అన్నరు, గంతే. దానికి పది నిమిషాలల్ల అంతా చెప్పిండ్రు. నాకెందుకు చెప్పలే?"

"మీకు తెలుసనుకున్నానమ్మా" అన్నాను.

అబద్ధం. ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయింది. అలా ఒక్కసారి విడమరిచి చెబితే నాకంటే బాగా రాస్తుందని నాకు మొదటి నెలలోనే తెలుసు.