వసారాలో వేలాడిన తాళం

పోయిన మంగళవారం రేపల్లెలో మూడో పీరియడు చెబుతుండగా ప్యూను వచ్చి కబురు చెప్పాడు. తెనాలిలో మా ట్యూషన్ మాస్టారు తెల్లవారుజామున పోయారట. సుద్దముక్క బల్లమీద పెట్టి స్టేషనుకు నడిచాను. ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. మాస్టారు పోయారు, బాపట్లలో ఆయన ఉద్యోగం ఊడగొట్టిన హెడ్డు మాత్రం నిక్షేపంలా ఉన్నాడు.

గురువులు ప్రేమతో చదువు చెప్పారని అందరూ రాస్తారు. మా మాస్టారు పగతో చెప్పారు. ఆ పగ వల్లే నేనివాళ పదిమంది పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పుకుని బతుకుతున్నాను. అందుకే ముందుగా ఆ పగకే దణ్ణం పెడుతున్నాను.

మాస్టారు ఒకప్పుడు బాపట్లలో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటరు. పరికరాలు అమర్చి పిల్లల చేత ప్రయోగాలు చేయించే ఉద్యోగం. ఒకరోజు ఫిజిక్సు హెడ్డు లోలకం పాఠం చెబుతూ, చివరికి వెళ్లాక గుండు ఆగుతుంది గనక అక్కడ వేగమూ సున్నా, త్వరణమూ సున్నా అని బోర్డు మీద రాశాడు. పక్కనే ఉన్న మాస్టారు ఉండబట్టలేక, "త్వరణం కూడా లేకపోతే గుండు అక్కడే ఉండిపోవాలి కదండి, వెనక్కి ఎందుకొస్తుందండి?" అన్నారు. క్లాసు గొల్లున నవ్వింది. నెల తిరక్కుండానే ఉద్యోగం పోయింది. పెద్దలంటే మర్యాద లేదన్నారు. బోర్డు మీది తప్పును మాత్రం ఎవరూ దిద్దలేదు.

తెనాలి వచ్చి ఇంటి వసారాలో ట్యూషన్ పెట్టారు. బాపట్లలో అద్దె ఇంటికి వేసుకున్న ఇత్తడి తాళాన్ని పురికొసతో వసారా దూలానికి వేలాడదీశారు. అదే ఆయన లోలకం. ఆ కాలేజీకి రైల్లో వెళ్లొచ్చే పిల్లలైతేనే చేర్చుకునేవారు. ఎందుకో చేరాక గానీ మాకు తెలిసేది కాదు.

నేను చేరింది అరవైల్లో, పి.యు.సి. క్వార్టర్లీ తప్పాక. పేపరు చేతికిస్తూ హెడ్డు, "నీకెందుకమ్మా ఫిజిక్సు? ఇంట్లో చారు కాచుకోక" అన్నాడు. మగపిల్లలు బల్లలు చరిచి నవ్వారు. ఆ మాట చెప్పగానే మాస్టారి కళ్లు మెరిశాయి.

"అలాగన్నాడా? రామ్మా, కూర్చో."

ఆ రోజే తాళం నా చేతికిచ్చారు.

"కొంచెమే పక్కకి జరుపు. మరీ జరిపితే మన లెక్కకి అందదు. ఇప్పుడు చెప్పు, అది నీ వేలిని లాగుతోందా?"

"లాగుతోందండి."

"ఇంకాస్త జరుపు."

"లాగుడు ఎక్కువైందండి."

"అదీ! మధ్య నుంచి ఎంత జరిగితే అంత లాగుడు, అదీ మధ్యవైపుకే. ఆ లాగుడే ఆక్సిలరేషన్ ఇస్తుంది. వదిలావనుకో, మధ్యకొచ్చేసరికి లాగుడుండదు, వెలాసిటీ మాత్రం అక్కడే ఎక్కువ. ఆ ఊపుకే అవతలికి పోతుంది."

శక్తి గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవారు. మధ్యలో ఉన్నదంతా గతిశక్తి, చివర ఉన్నదంతా స్థితిశక్తి, గాలి గొడవ వదిలేస్తే మొత్తం ఎక్కడా తగ్గదు అనేవారు. తాళాన్ని చివర పట్టుకుని ఆపి, "కదలట్లేదు గదా అని అంతా అయిపోయిందనుకోకండి. మొత్తం లోపలే ఉంది" అనేవారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు తాళం మీద ఉండేది కాదు.

ఏటా కాలేజీలో ఆ పాఠం వచ్చినప్పుడు మాలో ఒకరు లేచి హెడ్డును ఆ ప్రశ్నే అడగాలి. చివర వేగం సున్నా, మరి త్వరణం ఎంత? 'మాగ్జిమం' అన్న ఒక్క మాట ఆ నోటి నుంచి రావాలి. మాస్టారు అంతకుమించి ఏమీ కోరుకోలేదు. సాయంత్రం మేం రైలు దిగి వచ్చేసరికి వీధి గుమ్మంలో నిలబడి ఉండేవారు. పుస్తకాలు కింద పెట్టనిచ్చేవారు కాదు.

"అడిగావా? ఏమన్నాడు?"

మా ఏడాది నేనే లేచి అడిగాను. చారు కాచుకోమన్న మాట గుర్తుపెట్టుకుని మరీ అడిగాను. హెడ్డు మొహం కందగడ్డలా అయింది. "ఇది నువ్వడగట్లేదు. ఆ తాళంవాడు అడిగిస్తున్నాడు. కూర్చో" అన్నాడు.

ఈ సంగతి చెబితే మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వి, లోపలికి కేకేసి ఇంకో కాఫీ తెప్పించుకున్నారు. నాకు ఫస్టు క్లాసు వచ్చిన రోజున కూడా అంత నవ్వలేదు. కాఫీ తాగడం అయ్యాక గ్లాసు వంక చూస్తూ, "అయితే చెప్పలేదన్నమాట" అన్నారు. ఆ గొంతు నాకింకా వినబడుతూనే ఉంది.

మంగళవారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మాస్టారిని వసారాలో పడుకోబెట్టారు. తాళం పైన అలాగే ఉంది. పాత శిష్యులం చాలామందిమి చేరాం. అంతలో రిక్షా దిగి, చేతికర్ర పొడుచుకుంటూ హెడ్డు వచ్చాడు. దండ కూడా తెచ్చాడు. అది వేసి, "గొప్ప మేధావి. నాకు తమ్ముడి లాంటివాడు" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

"సార్, చివర వెలాసిటీ సున్నా. ఆక్సిలరేషన్ ఎంతండి?"

ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. "ఇప్పుడేంటమ్మా ఇది, శవం దగ్గర!"

విదిలించుకున్నాను. శిష్యులెవరూ హెడ్డుకి దారి ఇవ్వలేదు. ఆఖరికి అతను చెయ్యెత్తి, తాళాన్ని పక్కకు జరిపి పట్టుకున్నాడు. "మాగ్జిమం" అని గొణిగాడు.

"గట్టిగా చెప్పండి సార్. ఆయనకి వినబడాలి."

"మాగ్జిమం!" అన్నాడు.

మాస్టారి భార్య తలెత్తింది. "ఈ ముక్క ఆనాడే అంటే తమరి సొమ్మేం పోయేదండి?" అని మాత్రం అడిగింది.

అతని మీద జాలి పడ్డానని రాస్తే బాగుంటుందేమో. పడలేదు. అతను తాళం వదిలేసి, తల వంచుకుని మెట్లు దిగిపోయాడు.

నేను మాస్టారి చెవి దగ్గర వంగి, "అడిగానండి. చెప్పాడండి" అన్నాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

పైన తాళం ఊగుతూనే ఉంది. దాని కిందనుంచే ఆయన్ని తీసుకెళ్లారు. ఎవరూ దాన్ని ఆపలేదు.