బీరపాదు మీద నూలువల

మొన్న మా కోడలు మేడమీది కుండీలకు కప్పడానికని పచ్చ నైలాను వల తెచ్చి, సరిపోయినంత కప్పి, మిగిలిన ముక్కను కత్తెరతో కరకర కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. నేను కుర్చీలోంచి లేచి, లేచి ఏం చేయాలో తోచక మళ్లీ కూర్చున్నాను. డెబ్బై దాటినవాడు లేవడమూ కూర్చోవడమూ ఇంట్లో ఎవరికీ వార్త కాదు కాబట్టి కారణం చెప్పవలసిన అవసరం పడలేదు. మీకైతే చెప్పవచ్చు, యుద్ధకాలంలో నూలు కోసమో బియ్యం కోసమో కంట్రోలు దుకాణం ముందు నిలబడినవారు మీలో కొందరైనా ఉంటారు.

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. నేను హైదరాబాదులో కాలేజీ చదువు సగంలో ఆపి ఇంటికి వచ్చిన ఏడు అది. చదువు మీద నాకు విరక్తి కలగలేదు, ఇంటినుంచి వచ్చే మనియార్డరుకే కలిగింది. యుద్ధం మూలాన సన్ననూలు దొరక్క మా మగ్గం ఆగి అప్పటికి నాలుగు నెలలు. మా నాయన మాత్రం రోజూ పొద్దున్నే స్నానం చేసి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, నేయడానికేమీ లేని మగ్గం ముందు కాసేపు కూర్చుని లేచేవాడు. ఎందుకని ఆయనను అడిగే ధైర్యం అమ్మకు లేదు, నాకు అసలే లేదు.

తినడానికి ఏదో ఒకటి కావాలి కదా అని ఇంటి వెనక రాళ్లగుట్టను ఆనుకుని ఉన్న పెరడును తవ్వి బీర, సొర, వంగ, మేము పుంటికూర అనే గోంగూర వేశాము. తోటపనిలో మా ముగ్గురి అనుభవమూ కలిపితే ఒక తులసికోట అవుతుంది. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చదివినవాణ్ణే గాని, ఆ చదువంతా ఉర్దూలో సాగింది. బీరకాయ వంశవృక్షాన్ని ఉర్దూలో అప్పజెప్పగలను, దానికి నీళ్లెప్పుడు పెట్టాలో ఏ భాషలోనూ తెలియదు. మన్ను గుల్లచేస్తే తేళ్లు వచ్చేవి, బావిలో చేద దింపితే చేంతాడుతోపాటు ఒకసారి జెర్రిపోతు పాము పైకి వచ్చింది. ఉడుము ఒకటి రోజూ మధ్యాహ్నం వచ్చి, ఇల్లు ఇంకా ఖాళీ చేయలేదా అన్నట్టు మమ్మల్ని చూసి పోయేది. వీటన్నిటితో సర్దుకున్నాము. చిలుకలతోనూ నెమళ్లతోనూ సర్దుకోలేకపోయాము. పిందె పడటమే ఆలస్యం, మాకంటే ముందు లేచి అవి వచ్చి తినిపోయేవి. అమ్మ పుంటికూర ఉడికించిన నీళ్లను కూడా పారబోయకుండా చారు కాచే స్థితికి వచ్చాము.

ఆ రోజుల్లోనే కంట్రోలు దుకాణంవారు కరుణించి మాకు నూలు ఇచ్చారు. ముతకనూలు. దుప్పట్లకు పనికివస్తుంది, గద్వాల చీరకు పనికిరాదు. వనపర్తి దగ్గర దుప్పట్లు నేసే మా మేనమామకు అదే నెలలో సన్ననూలు ఇచ్చారు. ఎవరికి ఏది అక్కరలేదో అంత కచ్చితంగా కనుక్కోవడం ఆషామాషీ పని కాదు. మామ ఒక పూట వచ్చి, పై వారం శనివారం సన్ననూలు తెస్తానని, నూలుచుట్టలు చిలపకు చిలప లెక్కన మార్చుకుందామని చెప్పిపోయాడు. పోతూపోతూ ఒక్క షరతు పెట్టాడు.

"ముక్కలైతే నాకొద్దు బావా. ముడులేసుకుంట కూసుంటే దుప్పటి కాదు, నా ఆయుష్షు ఒడుస్తది."

ఆ శనివారానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆ పన్నెండు రోజులూ నూలు దండెం మీద ఊరికే వేలాడటం, పక్షులు మా కూడు తినడం చూసి, నూలుతో వల అల్లి పాదు మీద కప్పుదామన్న ఆలోచన చేసినవాణ్ణి నేనే. చదువుకున్నవాడి మాట కాబట్టి ఇంట్లో చెల్లింది. నాయన రెండు రోజులు కూర్చుని, ఎక్కడా కత్తెర పెట్టకుండా, ఒక్క పోగుతో, కొస పట్టి లాగితే మొత్తం ఊడివచ్చేలా మెలికలు వేసి అల్లాడు. చేనేతవాడి చేయి కదా, వల కళ్లు మరీ సన్నగా వచ్చాయి. రైతయితే నాలుగు ముళ్లకంపలు వేసి ఊరుకునేవాడు. పక్కింటి రైతు, మా నాయన అన్నా అని పిలిచే ఆయన, గోడమీదుగా చూసి, "ఏంది తమ్మీ, కట్టుకునే మనుషులు దొరక్క బీరపాదుకు చీర కట్టినవా?" అన్నాడు. నాలుగు నెలల తర్వాత నాయన నవ్వడం అప్పుడే చూశాను.

శుక్రవారం పొద్దున వల విప్పుదామని వెళ్లేసరికి అందులో నాగుపాము ఉంది. ఎలుకకోసం దూరిందేమో, ఆ సన్నని కళ్లలో సగం దూరి, వెనక్కి రాలేక, పెనుగులాడి పెనుగులాడి వలనంతా ఒంటికి చుట్టుకుంది. ఊడి రావలసిన మెలికలన్నీ బిగిసి ముడులైపోయాయి. తల మాత్రం బయట ఉంది. తలకు ఇబ్బందేమీ లేదు.

పక్కింటాయన దుడ్డుకర్రతో వచ్చాడు. "జరుగు తమ్మీ, ఒక్క దెబ్బ."

"నాగన్నను కొట్టకు బావా, పాపం తగుల్తది" అంది అమ్మ. నాయన పాపం సంగతి ఎత్తలేదు.

"నూలుకు నెత్తురైతదన్నా" అన్నాడు.

"అయితే కోసెయ్, పోతది."

"కోస్తె ముక్కలైతది. రేపు శనివారం."

పక్కింటాయన దుడ్డుకర్ర కింద పెట్టి, గోడ పక్కన నిలబడ్డాడు.

సొరపందిరికి పెట్టిన పంగలకర్ర తీసి అమ్మ పాము మెడను నేలకు అదిమిపట్టింది. నాయన తోకవైపు గొంతుకూర్చుని, మగ్గం మీద తెగిన పడుగు పోగు సవరించేవాడిలా, ఒక్కొక్క ముడినీ గోటితో వదులుచేస్తూ మొదలుపెట్టాడు. విడివడిన నూలును నేను మోచేతికీ బొటనవేలికీ మధ్య చిలపగా చుడుతున్నాను. మగ్గం ఆగాక మా ముగ్గురమూ కలిసి ఒక పని మీద కూర్చోవడం అదే మొదలని చుడుతూ చుడుతూ గుర్తించాను. గుర్తించకపోయినా బాగుండేది. పాము ఒళ్లు ఒక్కోసారి ఆయన మణికట్టుకు చుట్టుకునేది. ఆయన రెండో చేత్తో దాన్ని నెమ్మదిగా విప్పి పక్కన పెట్టి, "ఆగు, ఐపోతది, జర ఆగు" అనేవాడు. చిన్నప్పుడు నాకు కాలిలో ముల్లు తీసేటప్పుడు అన్నది కూడా ఆ గొంతుతోనే.

పొద్దు నెత్తిమీదికి వచ్చింది. తోక వదిలింది, నడుము వదిలింది, ఇక మెడ దగ్గర ఒక్క చుట్టు మిగిలింది. అది పొలుసుల్లోకి దిగి బిగుసుకుంది, సరిగ్గా పంగలకర్ర కింద. కర్ర ఎత్తితే తప్ప ఆ ముడి అందదు, కర్ర ఎత్తితే పాము తల ఆయన వేళ్లకు జానెడు దూరం. అమ్మ పొద్దుటినుంచీ ఆ కర్ర మీదే బరువంతా మోపి ఉంది.

"నాతోని అయితలేదయ్యా" అంది అమ్మ, ఏడుపూ కోపమూ లేని గొంతుతో.

"నేనన్నప్పుడు లేపు" అన్నాడు నాయన, వేళ్లు అక్కడే పెట్టి.

మగ్గం దగ్గరి చిన్న కత్తెర పొద్దుటినుంచీ నా మొలలో ఉంది. తీసి, వంగి, ఆయన వేళ్ల పక్కనే పోగు కోసేశాను. ఆయన చెయ్యి వెనక్కి లాగడమూ అమ్మ చేతిలో కర్ర జారడమూ ఒక్కసారే జరిగాయి. పాము లేచి, మెడ చుట్టు జారిపోగా పడగ విప్పి, ఆయన మోకాలి ముందు కొంతసేపు నిలబడింది. ఎంతసేపో చెప్పలేను, మా ముగ్గురిలో ఎవరమూ ఊపిరి పీల్చలేదు కాబట్టి ఎక్కువసేపు అయివుండదు. తర్వాత రాళ్లలోకి వెళ్లిపోయింది. నాయన దానివైపు చూడలేదు. తెగిన రెండు కొసలనూ చెరో చేతి వేళ్లమధ్య పట్టుకుని, వాటివైపే చూస్తున్నాడు.

"ఎందుకు కోసినవ్ రా?" అన్నాడు.

నేను కత్తెర మళ్లీ మొలలో పెట్టుకున్నాను. ఆయన అక్కడే కూర్చుని, రెండు కొసలనూ ఉమ్మితో తడిపి, మెలివేసి ముడివేసి, అరచేతిలో పెట్టి రుద్దాడు. ఆ సాయంత్రం దాకా ఆయన వేళ్లకు ముద్ద కలపడం కూడా చేతకాలేదు. అమ్మ అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టింది.

శనివారం మామ వచ్చి చిలపలను వేళ్లమధ్య పోనిచ్చి చూశాడు. ముడి ఆయనకు తగల్లేదు. మర్యాదకోసం తగలనట్టు ఊరుకున్నాడేమో కూడా తెలియదు. సన్ననూలు ఇచ్చిపోయాడు. ఇరవై రోజులు మా ఇంట్లో మగ్గం చప్పుడు వినిపించి, మళ్లీ ఆగిపోయింది.

మగ్గం పని నాకు రాదని ఆ శుక్రవారమే తేలిపోయింది. చెయ్యి తిరగకపోతే నేర్చుకోవచ్చు. పోగుకూ మనిషికీ మధ్య ఒకటి ఎంచుకోవలసివస్తే నేను కత్తెర తీస్తాను, ఆ ఇంట్లో మిగిలినవాళ్లు తీయరు. ఏడాది తిరక్కుండా నూలు పంచే సర్కారు కచేరీలోనే గుమాస్తాగా చేరాను. ఉన్నన్నాళ్లూ దుప్పట్లవాళ్లకు ముతకనూలు, చీరలవాళ్లకు సన్ననూలు పోయేట్టు చూశాను. నేను జీవితంలో సాధించింది ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి అదొక్కటి ఉంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నూలు లారీల్లో వస్తోంది. మా పెరడు ఉన్నచోట ఎవరిదో సిమెంటు అరుగు ఉంది, ఆ రాళ్లగుట్ట రోడ్ల కిందికి వెళ్లిపోయింది, పాములు ఎక్కడికి వెళ్లాయో నాకు తెలియదు. ఒక చిలప నూలు కోసం నాగుపాము మెడ దగ్గర వేళ్లు పెట్టవలసిన గతి మా పిల్లలకు పట్టలేదు. మంచిదే, పట్టకూడదని కోరుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా మట్టుకు నాకు ఆ తర్వాత ఉద్యోగమూ ఇల్లూ పింఛనూ అన్నీ వేళకు అమిరాయి, వాటిలో ఏ ఒక్కదానికోసమూ మా నాయన కూర్చున్నట్టు కూర్చోవలసిన అవసరం రాలేదు. అది నా అదృష్టమని అందరూ అంటారు. నేనూ అంటాను. కాని ఆయన వేళ్లలో ఉన్నంత పట్టుతో దేన్నయినా పట్టుకున్నానా అని ఈ వయసులో నా చేతులు చూసుకుంటే, రెండూ శుభ్రంగా, మెత్తగా, ఏ పనీ తెలియనట్టు ఉన్నాయి.