మా మామ కోసం పెట్టిన కచేరీ

హనుమకొండలో మా కాలనీ పార్కులో నెల రోజులుగా సాయంత్రం అయిదయిందంటే వీణ మోగుతోంది. నడిచే బాట పొడవునా స్తంభాలకు చిన్న చిన్న నల్లటి స్పీకర్లు కట్టారు. మొదటి రోజు విన్నప్పుడు ఎవరికో మంచి ఆలోచన వచ్చిందనుకుని, మోకాళ్ళ నొప్పి కూడా మరచిపోయి బెంచీ మీద కూర్చున్నాను. అటుగా వచ్చిన కాలనీ సంఘం కార్యదర్శి అసలు సంగతి చెప్పాడు. అది వినడానికి పెట్టింది కాదట. పొద్దు వాలగానే సీసాలు తెచ్చుకుని కూర్చుని, వచ్చే పోయే ఆడపిల్లల మీద మాటలు విసిరే కుర్రాళ్ళకు ఈ సంగీతం పడదట, అది మోగుతుంటే వాళ్ళంతట వాళ్ళే లేచిపోతారట, వేరే దేశాల్లో రైల్వే స్టేషన్లలో కూడా ఇట్లాగే చేస్తారని ఆయన ఫోన్లో చదివాడట. "రిజల్ట్ కనవడుతాంది మేడం, చూడుండ్రి, ఒక్కడు లేడు," అన్నాడు సంతోషంగా.

నిజమే, ఒక్కడూ లేడు. ఆ కుర్రాళ్ళ గురించి ఏదో ఒకటి చెయ్యమని రాసిన కాగితం మీద నేనూ సంతకం పెట్టాను కనుక నేనూ సంతోషించాలి. కానీ మనసులో ఏదో తికమక మొదలైంది. ఇంటికి వచ్చాక కూడా అది తగ్గలేదు. ఎందుకంటే ఇదే పని, కాకపోతే పూర్తిగా తలకిందులుగా, మా నాయిన అరవై ఏళ్ళ కింద వరంగల్లో చేశాడు.

మన ఈడు వాళ్ళకు పార్కు రేడియో గుర్తుండే ఉంటుంది. ఇంటింటికీ రేడియో లేని ఆ కాలంలో మునిసిపాలిటీ వాళ్ళే పార్కులో ఒక గది కట్టి, అందులో రేడియో పెట్టి, బయట స్తంభానికి పెద్ద మైకు బిగించేవాళ్ళు. మా నాయిన ఆ పార్కులో మాలీ, రేడియో తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉండేది. పగలంతా మొక్కలకు నీళ్ళు పట్టి, సాయంత్రం కాళ్ళు కడుక్కుని, తుండుగుడ్డతో చేతులు శుభ్రంగా తుడుచుకుని రేడియో ముట్టుకునేవాడు. సినిమా పాటలు, ఆ తర్వాత వార్తలు. దుకాణాల వాళ్ళు, మిల్లు దిగి వచ్చే కార్మికులు, పిల్లలను ఎత్తుకున్న ఆడవాళ్ళు గడ్డి మీద చోటు వెతుక్కుని కూర్చునేవాళ్ళు. పాట బాగుంటే నాయిన వైపు తిరిగి, ఆయనే పాడినట్టు తల ఊపేవాళ్ళు.

ఆ పార్కుకే మా మేనమామ కూడా వచ్చేవాడు. మామ మిల్లులో బట్ట నేసే సాంచాల మీద పదిహేనేళ్ళు పనిచేసి, మేస్త్రీతో గొడవపడితే తీసేశారు. ఆ తర్వాత తాగుడు మొదలైంది. అత్త పిల్లలను తీసుకుని మరిపెడ దగ్గర ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. మామ మా ఇంట్లోనే తిని, మా వాకిట్లోనే పడుకునేవాడు. మంచి మనిషే, నన్ను భుజాల మీద మోసినవాడే, కానీ కల్లు దుకాణం నుంచి పార్కుకు వచ్చేసరికి వేరే మనిషి అయ్యేవాడు. ఎవరు నవ్వినా తనను చూసే నవ్వారని మీదికి పోయేవాడు. ఒక రోజు అట్లాగే వార్తలు వింటున్న ఒక ముసలి పంతులుగారిని తోసేశాడు. ఆయన పెదవి పగిలి నెత్తురొచ్చింది. ఇంకొక్కసారి ఇట్లా జరిగితే పోలీసులకు పట్టిస్తామని పెద్దమనుషులు నాయినకు చెప్పి వెళ్ళారు. అమ్మ ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తర్వాత కొన్ని రోజులకు, పాటల స్టేషన్ కోసం నాయిన రేడియో మర తిప్పుతుండగా మధ్యలో ఎక్కడో ఫిడేలు కచేరీ తగిలింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గొంతు చించుకుంటున్న మామ నోరు ఆగిపోయింది. నేను చూశాను. మామను అన్నానికి పిలుచుకు రమ్మని అమ్మ రోజూ నన్నే పంపేది. ఆయన నెమ్మదిగా వచ్చి, మైకు స్తంభం మొదట్లో కూర్చుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, కచేరీ అయ్యేదాకా కదల్లేదు. నాయిన మర మీది నుంచి చెయ్యి తీసేశాడు.

ఆ రోజు నుంచి మామ గేటులో కనబడగానే నాయిన పాటలు ఆపేసి, మద్రాసో బెజవాడో, గరగరమంటున్నా సరే, ఎక్కడ కచేరీ దొరికితే అక్కడ ఆపేవాడు. మామ కూర్చునేవాడు. మిగతావాళ్ళు లేచేవాళ్ళు. ఈ ఏడుపేందని కొందరు, ఒక్క పాటన్నా పెట్టమని కొందరు, చివరికి ఏమీ అనకుండానే ఇంకొందరు వెళ్ళిపోయారు. నెల తిరక్కుండానే పార్కు సగం ఖాళీ అయింది. అంటే సంసారులు పోయారు, తాగుబోతు మిగిలాడు. అప్పట్లో నాకు అదంతా గర్వంగానే ఉండేది, మా నాయినకు పెద్ద సంగీతం తెలుసు, వీళ్ళకెవరికీ తెలియదని బడిలో చెప్పుకునేదాన్ని.

పోయినవాళ్ళు ఊరుకోలేదు. పార్కుకు ఎవరూ రాకుండా చెయ్యడానికే మాలీ కావాలని అర్థం కాని సంగీతం పెడుతున్నాడని అర్జీ రాశారు. ఆఫీసుకు పిలిచి అడిగితే నాయిన బావమరిది పేరు ఎత్తలేదు. "నాకే గవి వినబుద్ధయితది సార్, అందుకే పెట్టిన," అన్నాడట. వెంటనే ఆయనను నీళ్ళ పంపులు తిప్పే పనికి మార్చారు. కొత్తగా వచ్చినాయన పాటలు పెట్టాడు, జనం తిరిగి వచ్చారు. మామ రెండు రోజులు స్తంభం దగ్గర నిలబడి చూశాడు, మూడో రోజు మైకు మీద రాయి విసిరాడు. పోలీసులు పట్టుకుపోయారు. నాయిన పోయి బతిమాలి విడిపించుకుని, ఇంటికి కూడా తేకుండా, నేరుగా బస్సెక్కించి అత్త దగ్గర దింపి వచ్చాడు. మామ అక్కడే వ్యవసాయపు పనుల్లో పడి, కొంత తాగుతూ కొంత మానుతూ, ముసలితనం దాకా బతికాడు.

నేను టీచరునయ్యాక ఒకసారి మరిపెడ వెళ్ళినప్పుడు, మామా, నీకు ఫిడేలు అంత ఇష్టమా అని అడిగాను. ఆయన తెల్లబోయి చూశాడు. "పాటల సంగతి నాకేం ఎరుక బిడ్డా. మిల్లుల నుంచి ఎల్లగొట్టినంక గూడ నా చెవులల్ల సాంచాల చప్పుడు పోకపాయె. గా ఫిడేలు మోగినంత సేపు జర తక్కువుండేది, గంతే."

ఈ మాట నాయినకు చెబుదామనుకునేసరికి ఆయన లేడు. అమ్మకు చెప్పి, పోనీలే, నాయిన అయినా ఇష్టంగా విన్నాడు కదా అన్నాను. అమ్మ బియ్యం ఏరడం ఆపి నా వైపు చూసింది.

"మీ నాయిననా? గవి వింటె ఆయనకు తలకాయ నొస్తుండె. ఇంటికొచ్చి నాతోని తల ఒత్తిచ్చుకునేటోడు."

ఇప్పుడు చెప్పండి, ఆ కచేరీ ఎవరు విన్నట్టు? పెట్టినాయనకు తలనొప్పి, కూర్చున్నాయనకు చెవుల్లో సాంచాల మోత, మిగతావాళ్ళకు విసుగు. అయినా ఆ నెల రోజులు ఒక మనిషి ఎవరినీ కొట్టకుండా గడిపాడు. ఆ మాత్రం దానికి ఇంకెంతమంది సాయంత్రాలు పోయాయో కూడా నేను మరిచిపోలేను. నాయిన చేసింది ఒప్పా అంటే చెప్పలేను, తప్పు అనడానికి నోరు రాదు.

ఇప్పుడు మా పార్కులో మర తిప్పేవాళ్ళు లేరు, వేళకు దానంతట అదే మోగి దానంతట అదే ఆగుతుంది. పిల్లలు భయం లేకుండా ఆడుకుంటున్నారు, అది చూస్తే నాకూ నిమ్మళంగానే ఉంటుంది. మా నాయిన ఒక్కణ్ణి కూర్చోబెట్టడానికి తన మాలీ పని పోగొట్టుకున్నాడు, నేను పదిమందిని లేపడానికి ఒక్క సంతకం పెట్టాను. లేచిన ఆ కుర్రాళ్ళు సాయంత్రాలు ఎక్కడ కూర్చుంటున్నారో, వాళ్ళ చెవుల్లో ఏ చప్పుడు ఉందో నాకు తెలియదు. వాళ్ళల్లో ఒక్కడి పేరన్నా నేను ఎప్పుడూ అడగలేదు.